ఫర్ చెట్టు నెత్తిన దిష్టితాడు

ముందుగా ఒట్టు

అనకాపల్లి నూకాలమ్మ తల్లి మీద ఆన పెట్టి చెబుతున్నాను: ఈ కింద రాసిన ప్రతి ముక్కా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే ఆగి ఓసారి నవ్వుకుంటారని తెలుసు. సింగపూర్ బుకిట్ బటోక్‌లో మా బ్లాకు కింద పొద్దున్నే చేరే మిత్రబృందం "నూకరాజు మూడు మాటలు చెబితే అందులో నాలుగు కోతలు" అని ఎప్పుడో తీర్పు ఇచ్చేసింది. అందుకే ఈసారి రాతపూర్వకంగా ఒట్టు వేస్తున్నాను. మా ఆవిడ సత్యవతి మీద కూడా వేద్దామనుకున్నాను గానీ వంటింట్లోంచే అడ్డుపడింది.

"నా నెత్తి మీద చెయ్యెట్టకండి. నాకింకా కొన్నాళ్ళు బతకాలనుంది."

నేను సింగపూర్‌లో ఇరవై తొమ్మిదేళ్ళు చెట్ల పని చేసి, యాభై ఆరో ఏట మానేశాను. రోడ్ల పక్క నిద్రగన్నేరు చెట్ల కొమ్మలు కొట్టడంతో మొదలుపెట్టాను. చివరి పద్నాలుగేళ్ళు ఊరి నడిబొడ్డున ఒక పెద్ద హోటల్ వెనక ఉన్న చల్లటి అద్దాల తోటలో గడిచాయి. మన వైపు నుంచి ఈ పనికి వచ్చే కుర్రాళ్ళు ఈమధ్య నన్ను సలహాలడుగుతున్నారు. ఏ కోర్సు చదవాలి, ఏ ఫారం నింపాలి అన్నది వేరేవాళ్ళు బాగా చెబుతారు. నేను ఒక్క చెట్టు సంగతి చెబుతాను. నాకు ఈ ఉద్యోగం నేర్పింది ఆ చెట్టే.

మూడు చెట్లు వచ్చాయి

సింగపూర్‌లో చలికాలమంటే వాన పడ్డ సాయంత్రం. అలాంటి ఊళ్ళో మా యజమానులకు ఒక కోరిక పుట్టింది. ప్రతి డిసెంబరులో క్రిస్మస్ కోసం కొట్టేసిన ఫర్ చెట్టు ఓడలో రావడం, నెల తిరిగేసరికి ఎండి చెత్తలోకి పోవడం ఎందుకు? వేళ్ళతో సహా బతికున్న చెట్టునే పెంచితే పోలా? అలా మూడు ఫర్ మొక్కలు, ఛాతీ ఎత్తువి, తొట్లలో దిగాయి.

చూడగానే నేను సరుగుడు అనుకున్నాను. సముద్రపొడ్డున పుట్టినవాడికి సూదుల్లాంటి ఆకు కనిపిస్తే సరుగుడే. మీరు ఆ పొరపాటు చెయ్యకండి. ఫర్ ఆకు సూది కాదు, చదునుగా ఉంటుంది. తిరగేస్తే అడుగున రెండు తెల్లటి గీతలు, ఎవరో శ్రద్ధగా నామాలు దిద్దినట్టు. నలిపితే నారింజ తొక్కా కర్పూరమూ కలిపిన వాసన. ఈ వాసన వల్ల మా ఇంట్లో ఒకసారి విచారణ కూడా జరిగింది.

"ఏటండీ, మీ చొక్కా ఏదో సెంటు వాసనొస్తంది?"

"చెట్టుదే."

"చెట్టుకి సెంటెవరు కొన్నారు?"

మర్నాడు ఒక చిన్న కొమ్మ తెచ్చి ముక్కు దగ్గర పెడితే గానీ కేసు కొట్టెయ్యలేదు. ఆ కొమ్మను ఆవిడ దేవుడి పటాల దగ్గర పెట్టింది. రెండు వారాలు ఇల్లంతా గుడిలా ఉంది.

మా పెద్దావిడ పేరు గో మేడమ్. మొక్కల విభాగమంతా ఆవిడ చేతిలో ఉండేది. నా భుజం దాకా వచ్చే మనిషి, కాళ్ళకు ఎప్పుడూ రబ్బరు బూట్లు. కేకలెయ్యడం ఆవిడకు రాదు. కేకలేసే బాసుల దగ్గర పదిహేనేళ్ళు చేసి వచ్చాను కాబట్టి మొదట్లో ఆవిడకు నా మీద కోపమే రావడంలేదని మురిసిపోయాను. తరవాత తెలిసింది, కోపమొస్తే ఆవిడ ఇంకా చిన్నగా మాట్లాడుతుందని. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. ఇక్కడ నేను తెలుగు చేసి రాస్తున్నాను. సింగపూర్‌లో మాట చివర ఊరికే తగిలించే 'లా'లు మాత్రం ఆవిడవే.

నీళ్ళతో చంపిన చెట్టు

మొదటి చెట్టును నేనే చంపాను. ఆయుధం నీళ్ళ గొట్టం.

మాది చెరకు వేసే ఇల్లు. తడి అంటే ప్రేమ అని నేర్చుకుని పెరిగాను. పరాయి దేశపు మొక్క, ఈ వేడి దీవిలో ఎంత దాహంగా ఉంటుందో అని పొద్దునా సాయంత్రమూ నిండా పోశాను. సూదులు పసుపెక్కాయి. దాహం తీరలేదనుకుని ఇంకా పోశాను. ఒకరోజు గో మేడమ్ తొట్టి పక్కన చతికిలబడి, చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దించి, తీసి నా ముక్కు కింద పెట్టింది. కుళ్ళిన బురద కంపు.

"రాజూ, దీనికి ఈత రాదు లా."

అంతే అంది. ఆ రోజు నుంచి నా చూపుడువేలే నా పరికరం. ఫర్ వేరుకు తడి కావాలి, దాంతోపాటు గాలి కూడా కావాలి. చెట్టు బెరడు ముక్కలు కలిపిన పుల్లటి మట్టి, అడుగున నీరు నిలవకుండా దారి, పైన వేలు. వేలికి చల్లగా తగిలితే గొట్టం ముట్టుకోకూడదు. నీళ్ళు పొయ్యడం ఎవరికైనా వస్తుంది. పొయ్యకుండా చేతులు కట్టుకుని నిలబడడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నిద్ర లేని చెట్లు

మిగిలిన రెండూ బతికే ఉన్నాయి గానీ ఎదగలేదు. ఏడాదంతా మొగ్గలు బిగించుకుని అలాగే నిలబడ్డాయి. ఎరువు మార్చాం, దీపాలు పెంచాం. పలకవు.

ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చి చెట్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు. డెన్మార్క్‌లో అడవులు చూసుకుని రిటైరయ్యాడట, ఇక్కడ కూతురింటికి వచ్చాడు. ఒక మొగ్గను బొటనవేలితో తడిమి నన్నడిగాడు.

"ఇది ఎప్పుడు పడుకుంటుంది?"

"చెట్టా?"

"చెట్టే. నువ్వు ఏడాది పొడుగునా దీన్ని మేలుకోబెట్టావు. నిద్రపోనివాడు ఎలా లేస్తాడు?"

జబ్బు అనుకున్నది నిద్రలేమి. ఆ జాతికి ఏటా రెండు మూడు నెలలు గడ్డకట్టడానికి దగ్గరి చలి తగిలితేనే వసంతంలో మొగ్గ విప్పాలని తెలుస్తుంది. మా అద్దాల తోట చల్లదనం మనుషులకు హాయి, ఆ చెట్టుకు మాత్రం ఎడతెగని మధ్యాహ్నం. గో మేడమ్ ఆ సాయంత్రమే ఫోన్లు మొదలుపెట్టి, దీవి పశ్చిమాన పళ్ళు దిగుమతి చేసే ఒకాయన కోల్డ్ స్టోరేజిలో చోటు సంపాదించింది. డిసెంబరు పండగ అయ్యాక జనవరిలో చెట్లను వలల్లో చుట్టి, పడుకోబెట్టి, చల్లటి లారీ ఎక్కించాం.

దారిలో తనిఖీ అధికారి లారీ ఆపాడు. వెనక ఏముందన్నాడు. ముప్ఫై మూడు డిగ్రీల ఎండలో స్వెట్టరూ మంకీ క్యాపూ వేసుకున్న నేను దిగి, "చెట్లు సార్, పడుకున్నాయి" అన్నాను. ఆయన తలుపు కొంచెం తీసి చూసి, చప్పుడు కాకుండా మళ్ళీ మూశాడు. వేలు పెదవుల మీద పెట్టుకుని వెళ్ళమని సైగ చేశాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఏప్రిల్‌లో తెచ్చేసరికి ఒక చెట్టు మొగ్గలన్నీ నల్లబడి, ముట్టుకుంటే సూదులు జలజల రాలాయి. దాన్ని లోపలి మూల యాపిల్ పెట్టెల పక్కన నిలబెట్టాం. పండే పళ్ళు వదిలే గాలి నిద్రపోతున్న మొక్కకు విషమట. మాకెవరికీ తట్టలేదు. పళ్ళాయనకూ తట్టలేదు, ఆయనకు చెట్లతో పనేం? రెండో చెట్టుకు మూల దొరక్క తలుపు దగ్గర పెట్టాం. తలుపు తీసినప్పుడల్లా గాలి మారి అది బతికింది. చోటు దొరకనివాడికే ప్రాణం దక్కింది.

ఆ చెట్టు తెచ్చిన ఎనిమిదో రోజు మొగ్గలు విప్పింది. ప్రతి కొమ్మ చివరా లేత ఆకుపచ్చ కుచ్చు. ఆ పొద్దున అది ఆవులించింది కూడా. నా చెవులతో విన్నాను.

అప్పటినుంచి దానికి వేరే గది, పళ్ళు లేని గది. ఏటా జనవరిలో నిద్ర, ఏప్రిల్‌లో మెలకువ, సాయంత్రాలు దీపాలతో సాగదీసిన పొడుగాటి పగళ్ళు. ఏడాదికి అడుగు చొప్పున ఎదిగి, పదకొండో ఏటికి పదిహేనడుగులు దాటింది. మూడింటిలో మిగిలింది అదొక్కటే.

అప్పన్న

ఇక్కడ అప్పన్న గురించి చెప్పాలి. దీపాలూ తీగలూ నిచ్చెనలూ అతని పని. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. అతని తాత విశాఖ వైపు నుంచి రబ్బరు తోటలకు వచ్చాడు. అప్పన్న పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అతని తెలుగులో సగం అరవం, పావు మలయ్. నన్ను తంబీ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. భోజనం అతని నోట మాకాన్.

"తంబీ, మాకాన్ అయిందా? రా, చెట్టు ఎక్కడికీ పోదు లే."

డిసెంబరులో ఫర్ చెట్టుకు దీపాల తీగ చుట్టేది అతనే. ఒక్కో కొమ్మనూ పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. తీగ ఎక్కడా బిగించడు, పైన ఆనించి వదులుతాడు. ఆ పని చూడ్డానికి నేను నా పని మానేసి నిలబడిన రోజులున్నాయి.

తాడు

ఆ పదకొండో డిసెంబరులో జనం విరగబడ్డారు. ఒక ఆదివారం మన తెలుగావిడే ఒకావిడ చెట్టు కింద నిలబడి నాతో అంది: "అబ్బ, ఎంత పచ్చగా ఉందండీ! మా బాల్కనీలో తులసి కూడా బతకదు. మీ చేతిలో ఏముందో!" వారం తిరక్కుండా కింది కొమ్మల్లో ఒకటి పసుపెక్కింది.

ముసలి కొమ్మ పసుపెక్కి రాలడం మామూలే. పదకొండేళ్ళ అనుభవం ఆ మాటే చెప్పింది. ఇంటికెళ్ళి సత్యవతితో అంటే ఆవిడ ఇంకో మాట చెప్పింది.

"దిష్టండీ. ఇంత జనం కళ్ళు పడితే మనిషే నిలవడు, సెట్టు నిలుస్తాదా?"

లిటిల్ ఇండియాలో కొన్న నల్ల నైలాన్ తాడు తీసి, ఏడు ముళ్ళు వేసి, పటాల దగ్గర ఒక రాత్రి ఉంచి నా చేతిలో పెట్టింది. పసిబిడ్డకు కట్టినట్టే కట్టమంది. నేను నవ్వి కొట్టిపారేశానని రాస్తే మీరు మెచ్చుకుంటారు. కానీ ఒట్టు వేశాను కదా. మర్నాడు తోట తెరవకముందే నిచ్చెనెక్కి కట్టేశాను.

కింద కడితే గో మేడమ్ చూస్తుంది. అందుకని నెత్తిన, క్రిస్మస్ నక్షత్రం కింద, ఎవరికీ కనపడని చోట కట్టాను. ఫర్ చెట్టుకు నడినెత్తిన నిటారుగా ఒకే ఒక్క కొన ఉంటుంది. చెట్టు ఎత్తు ఎదిగేది ఆ కొనతోనే. దాని మొదట్లో చక్రంలా నాలుగైదు పక్క కొమ్మలు. నేను తాడు కట్టింది ఆ కొనకే. బిగించి మరీ కట్టాను.

పిల్లాడి మొలతాడైతే ఏడాదిలో మూడుసార్లు వదులు చేసి కడతాం. ఈ బిడ్డ కూడా ఎదుగుతుందన్న సంగతి, పెంచడమే జీతంగా ఉన్న నాకు తట్టలేదు. జనవరిలో అది నిద్రకు పోయింది, ఏప్రిల్‌లో లేచింది, జూన్ కల్లా కొన లావెక్కింది. నైలాన్ తాడు సాగదు. సెప్టెంబరులో కొన ఎర్రబడి, మెడ విరిగిన కోడిలా వాలింది.

తల లేని చెట్టు

పై అంతస్తు మేనేజరు వచ్చి చూశాడు. చెట్టు కన్నా తన ఫోన్లో పాత ఫోటోలను ఎక్కువ చూశాడు.

"నక్షత్రం ఎక్కడ పెడతారు? తల లేని చెట్టును జనం చూడరు. నరికి ముక్కలు చేయించండి. ప్లాస్టిక్‌ది తెప్పిస్తాను, దానికి నిద్ర కూడా అక్కర్లేదు." ఒకడుగు వేసి వెనక్కి తిరిగాడు. "అసలిలా ఎందుకైంది? పైన దీపాల తీగ కట్టిందెవరు?"

గో మేడమ్ చెయ్యి జేబులో పెట్టుకుని చెట్టునే చూస్తోంది. నేను వంగి, రాలిన సూదులు ఏరుతున్నాను. మేనేజరు చుట్టూ చూసి అప్పన్న దగ్గర ఆగాడు.

"నువ్వేనా? ఈ వయసులో నిచ్చెన పనులెందుకు నీకు? ఈ ఏడాది దీపాలు బయటి వాళ్ళకిచ్చేద్దాం."

దీపాలు పోతే అప్పన్నకు తోటలో పని లేదు. చెట్టుకు తల లేకపోతే తోటలో చోటు లేదు. ఆ రెండూ నా ఏడు ముళ్ళ వల్లే.

కుర్రాళ్ళూ, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. నేను ఆ గంటలోనే నిచ్చెనెక్కాను. కొనలోకి దిగబడిపోయిన తాడును చాకుతో కోసి జేబులో వేసుకున్నాను. తిన్నగా గో మేడమ్ గదిలోకి నడిచి, బల్ల మీద ఆ తాడు పెట్టి, తల ఎత్తి చెప్పాను.

"మేడమ్, అప్పన్న తీగ ఎప్పుడూ బిగించడు. ఇది నేను కట్టాను. మా దేశంలో ముద్దొచ్చే బిడ్డకు కడతాం. వదులు చెయ్యడం మరిచాను. శిక్ష నాకు వెయ్యండి, చెట్టుకూ అప్పన్నకూ కాదు."

అదే క్షణంలో బయట పెద్దగా ఉరిమింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, లేచి, నాకు చెయ్యిచ్చింది.

"తప్పు చేసినవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారు. వచ్చి చెప్పినవాడివి నువ్వొక్కడివే లా."

ఉద్యోగంలో తప్పు జరిగితే అంత త్వరగా, అంత సూటిగా చెప్పాలి.

కొత్త కొన

గో మేడమ్ మేనేజరు దగ్గరికెళ్ళి మాట్లాడింది. ఏమందో తెలియదు గానీ చిన్న గొంతుతోనే మాట్లాడి ఉంటుంది, ఎందుకంటే ఆయన బయటికొచ్చినప్పుడు మొహం పాలిపోయి ఉంది. డిసెంబరు మొదటి వారం దాకా గడువు. అప్పటికి నక్షత్రం నిలబడితే చెట్టు ఉంటుంది, దీపాలు అప్పన్నే కడతాడు. నిలబడకపోతే ముక్కలు చేసే యంత్రం లోపలికొస్తుంది.

కొన పోయిన ఫర్‌కు ఇంకో కొన తయారు చెయ్యవచ్చు. ఇది మాత్రం కాగితమ్మీద రాసుకోండి. ఎండినదాన్ని శుభ్రంగా కోసెయ్యాలి. చుట్టూ ఉన్న పక్క కొమ్మల్లో మొగ్గ బలంగా ఉన్నదాన్ని ఒకదాన్ని ఎంచుకోవాలి. కాండానికి ఒక వెదురు బద్ద కట్టి, ఎంచుకున్న కొమ్మను ఆ బద్ద వైపు లేపాలి. ఒక్కసారిగా లేపితే మొదట్లో చిట్లుతుంది. వారానికి వేలెడు మాత్రమే. మిగతా కొమ్మల చివర్లు గిల్లాలి, లేకపోతే నాలుగూ నేనంటే నేనని లేస్తాయి. నాలుగు తలల చెట్టు గాలికి చీలిపోతుంది.

దేంతో కట్టాలన్నది ఇక నన్నడగక్కర్లేదు. సత్యవతికి జరిగింది చెప్పాను. వెంటనే తిట్లు అందుకుంది.

"కట్టమన్నాను గానీ ఉరి వెయ్యమన్నానా? మొలతాడు వదులు సెయ్యాలని కూడా నేనే సెప్పాలా, ముగ్గుర్ని పెంచిన మనిషయ్యుండి!"

తిడుతూనే తన పాత నేతచీర ఒకటి తీసి పీలికలుగా చింపింది. మెత్తగా ఉంటాయి, సాగుతాయి, తడి తగిలినా బిగవవు. బద్దకూ కొమ్మకూ మధ్య ఎనిమిది అంకెలా తిప్పి కట్టాలి, ఒరిపిడి ఉండదు. ప్రతి సోమవారం విప్పాలి, చూడాలి, వదులుగా మళ్ళీ కట్టాలి. గో మేడమ్ గోడ క్యాలెండరు మీద ప్రతి సోమవారానికీ ఎర్ర చుక్క పెట్టింది. నేను సెలవు పెట్టిన సోమవారం ఆవిడే నిచ్చెనెక్కింది, ఆ బూట్లతోనే.

అక్టోబరులో కొమ్మ సగం లేచింది. నవంబరు మధ్యలో ఒక పొద్దున మొదట్లో సన్నటి చీలిక కనిపించి కిందికి కేకేశాను. అప్పన్న పైకొచ్చి చూశాడు.

"అలామాక్! తంబీ, నువ్వు మళ్ళీ తొందరపడ్డావ్. రెండు వారాలు దీన్ని ఇక్కడే ఉండనీ. మన తొందర చెట్టుకెందుకు?"

రెండు వారాలు ముట్టుకోలేదు. చీలిక మీద తేనెలాంటి జిగురు ఊరి, గట్టిపడి, తనంతట తానే పూడింది.

డిసెంబరు మొదటి వారంలో అప్పన్న నక్షత్రం ఎక్కించాడు. దాని బరువంతా మోసింది వెదురు బద్ద. కొమ్మ పక్కనే, పెళ్ళికొడుకు పక్కన తోడుపెళ్ళికొడుకులా నిలబడింది. మేనేజరు కింద నిలబడి పైకి చూశాడు. అటువైపు నుంచి చూశాడు, ఇటువైపు నుంచి చూశాడు.

"కొంచెం ఎడమకు వంగిందేమో?"

"సార్ కొంచెం కుడికి నిలబడండి," అన్నాడు అప్పన్న.

ఆయన జరిగాడు. తల ఊపి వెళ్ళిపోయాడు. యంత్రం రాలేదు.

మరుసటి ఏప్రిల్‌లో చెట్టు నిద్ర లేచినప్పుడు ఆ కొమ్మ చివరి మొగ్గ పక్కకు చూడలేదు, నేరుగా పైకి చూసింది. జూన్ కల్లా జానెడు కొన. రెండేళ్ళకు బద్ద తీసేశాం. కొన మొదలైన చోట చిన్న మెలిక మాత్రం ఉండిపోయింది, తెలిసినవాడికి తప్ప కనపడదు. నేను తోట వదిలే నాటికి చెట్టు పదిహేడడుగులు, పై చక్రంలో మొదటిసారి కాయలు కాసింది. ఫర్ కాయలు వేలాడవు, కొమ్మ మీద కొవ్వొత్తుల్లా నిలబడతాయి. నాకు ఇంతకన్నా తృప్తి అక్కర్లేదు.

బాసుల గురించి ఒక మాట

మొక్కల పనిలో రెండు రకాల పెద్దలు తగులుతారు. ఫోటోలో చెట్టు బాగుంటే చాలనేవాళ్ళు ఒక రకం. మట్టిలో వేలు పెట్టేవాళ్ళు రెండో రకం. మొదటివాళ్ళతో వాదించకండి, కొంచెం కుడికి నిలబడమనండి. రెండోవాళ్ళు దొరికితే జీతం తక్కువైనా వదలకండి.

ఇంకొకటి. దిష్టి ఉందా లేదా అని నన్నడగకండి, ఆ సంగతి సత్యవతికి తెలుసు. ఎదిగే దేనికైనా ఏదైనా కడితే, విప్పే రోజు కూడా అప్పుడే పెట్టుకోండి. అంతవరకు నాకు తెలుసు.

ఏది కల్పన

ఇక ఒప్పుకోవాలి. పైన ఒక ముక్క నేను కల్పించాను.

లారీ తలుపు చప్పుడు కాకుండా మూసిన అధికారి నిజం. ఆవులింత నిజం. కల్పించింది గో మేడమ్ గదిలోకి నేను నడిచి వెళ్ళిన రోజు. ఉరుము లేదు. చెయ్యివ్వడం లేదు. నేను వెళ్ళలేదు.

జరిగింది ఇది. మేనేజరు వెళ్ళాక నేను నిచ్చెనెక్కిన మాట నిజమే. పైన తాడు లేదు. కొన చుట్టూ గాడి మాత్రం ఉంది. తాడు దానంతటదే తెగి ఎక్కడో రాలిపోయిందనుకుని, దేవుడికి దండం పెట్టి దిగాను. రెండు రోజులు నోరు మెదపలేదు. ఆ రెండు రోజులూ అప్పన్న పోయిన ఏడాది తీగలన్నీ అటక మీంచి దింపి నేల మీద పరుచుకుని, ఒక్కొక్క చుట్టూ వేళ్ళతో కొలిచి చూసుకున్నాడు. రెండో రోజు సాయంత్రం నా దగ్గరికొచ్చాడు.

"తంబీ, నా చేతివల్లే పోయిందేమో. వయసైంది కదా, ఎక్కడో బిగించేసి ఉంటాను."

నేను "పర్లేదు అన్నా" అన్నాను. అంతే అన్నాను.

మూడో రోజు పొద్దున గో మేడమ్ నన్ను చెట్టు దగ్గరికి పిలిచి, జేబులోంచి నల్ల తాడు తీసి నా అరచేతిలో పెట్టింది. ఏడు ముళ్ళూ ఉన్నాయి. మేనేజరు రాకముందే ఆవిడ ఎక్కి దాన్ని కోసి దాచింది. తోటలో నల్లతాడు కట్టేవాడు ఇంకెవడుంటాడో ఆవిడకు తెలియనిదా!

"రెండు రోజులు నా గది తలుపు తీసే ఉంచాను రాజూ," అంది, చాలా చిన్నగా. "ముందు అప్పన్నకు చెప్పు. తరవాత వెదురు బద్ద వెతుకు."

అప్పన్నకు చెప్పాను. నేల మీద పరిచిన తీగల మధ్య కూర్చుని ఉన్నాడు. తీగలన్నీ ఒక్కొక్కటే చుట్టి పెట్టెలో పెట్టాక లేచాడు.

"సరి. కట్టింది నువ్వు. ఇంక నిచ్చెన కూడా నువ్వే మొయ్యి."

రిటైరయ్యేదాకా మోశాను, అతని దీపాలకు కూడా. అది మాత్రం కల్పన కాదు. ఇప్పుడు మేమిద్దరం పాసిర్ రిస్ సముద్రపొడ్డున నడకకు వెళ్ళినప్పుడు, డెబ్బైకి దగ్గరపడ్డ ఆ మనిషి ముందు పోతూ ఉంటాడు, నేను మోకాళ్ళు పట్టుకుని వెనకపడతాను. అతను ఆగి, వెనక్కి తిరిగి, నేను అందుకునేదాకా నిలబడతాడు.